మామిడి తోటలో విల్లు: పిల్లలకు విలువిద్య మీద విసుగు రాకుండా ఫీల్డ్ షూటింగ్ మొదలుపెట్టడం ఎలా

విజయవాడ చుట్టుపక్కల విల్లు పట్టడానికి వచ్చే పిల్లలకు కొదవ లేదు. వెన్నం జ్యోతి సురేఖ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు, బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో ఆడినప్పుడు, టీవీ ముందు నుంచి లేచి నేరుగా అకాడమీకి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. కొదవల్లా నిలబడే పిల్లలకే. చేరిన కొత్తలో తెల్లారకముందే లేచి కూర్చునే పిల్లవాడు ఏడాది తిరిగేసరికి కడుపునొప్పి అనడం మొదలుపెడతాడు. బాణం సరిగ్గా వేయలేక కాదు. నేను చూసినంతలో బాగా వేసే పిల్లలు కూడా ఇలాగే మానేస్తున్నారు.

రోజూ అదే గీత, అదే దూరం, అదే ఫేస్ (గురిపెట్టే వలయాల కాగితం). సైట్ (విల్లుకు బిగించే గురి సాధనం) ఎక్కడ పెట్టాలో కోచ్ చెబుతారు, ఎన్ని బాణాలు వేయాలో కోచ్ చెబుతారు, తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఆయనే చెబుతారు. ఇక పిల్లవాడు సొంతంగా తేల్చుకోవాల్సింది ఏం మిగిలింది? ఫీల్డ్ షూటింగ్‌లో అది మిగులుతుంది. ప్రతి టార్గెట్ దగ్గరా "ఇది ఎంత దూరం ఉంటుంది, నేను ఎక్కడ గురి పెట్టాలి?" అన్నది పదేళ్ల పిల్లే తేల్చుకోవాలి. ఆ నిర్ణయాన్ని పెద్దవాళ్లు లాక్కోకపోతే ఆట నిలుస్తుంది. లాక్కుంటే తోటలో వేసినా గ్రౌండులో వేసినా ఒకటే. కింద రాసినవన్నీ ఆ నిర్ణయాన్ని పిల్లల చేతిలో భద్రంగా ఉంచడానికే.

అసలు ఫీల్డ్ అంటే ఏమిటి

గ్రౌండులో టార్గెట్లన్నీ ఒక వరసలో నిలబడి ఉంటాయి, మనం ఒక గీత మీద నిలబడి వేస్తాం. ఫీల్డ్‌లో టార్గెట్లు చెట్ల మధ్య, గుట్టల మీద, వాలుల్లో ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. నడుచుకుంటూ వెళ్లి, నేలలో దిగ్గొట్టిన మేకు దగ్గర నిలబడి బాణాలు వేసి, తీసుకుని, తర్వాతి దానికి వెళ్లాలి.

అంతర్జాతీయ విలువిద్య సమాఖ్య వరల్డ్ ఆర్చరీ పద్ధతిలో పూర్తి రౌండ్ అంటే 24 టార్గెట్లు, ఒక్కోదానికి మూడు బాణాలు. అందులో 12 టార్గెట్లకు దూరం రాసి ఉంటుంది, మిగతా 12 టార్గెట్లకు ఉండదు. ఫేస్‌లు నాలుగు సైజులు: 20, 40, 60, 80 సెంటీమీటర్లు. నల్లటి ఫేస్ మధ్యలో పసుపు. పసుపు లోపలి వలయానికి 6, బయటి పసుపుకు 5, నలుపులో 4 నుంచి 1 దాకా. వయసును, విల్లు రకాన్ని బట్టి ఎరుపు, నీలం, పసుపు రంగు మేకులు ఉంటాయి. సీనియర్ రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు), కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) వాళ్లు వేసే ఎర్ర మేకు నుంచి అత్యధిక దూరం 60 మీటర్లు, దూరం చెప్పని టార్గెట్లకైతే 55. దూరం కొలిచే పరికరాలు వాడకూడదు, కళ్లతోనే అంచనా వేయాలి.

మన పిల్లలకు ఇందులో నుంచి తీసుకోవాల్సినవి మూడే: నడక, చెప్పని దూరం, మూడు బాణాలు. 24 టార్గెట్ల సంగతి వాళ్లు పెద్దయ్యాక చూసుకోవచ్చు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు ఆరు నుంచి ఎనిమిది టార్గెట్లు చాలు. ఎనిమిది టార్గెట్లంటే 24 బాణాలు. "రోజూ వంద వేస్తాడండీ, ఇక్కడ ఇంతేనా?" అని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. ఇంతే. గంటన్నరలో అయిపోవాలి, ఇంకో రెండు ఉంటే బాగుండు అని పిల్లలకు అనిపిస్తూండగానే ఆపెయ్యాలి.

1. చోటు, కాలం

ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాల్లో ఉన్నవాళ్లకు చేతికి అందే చోటు మామిడి తోట. నూజివీడు, ఆగిరిపల్లి, మైలవరం వైపు తోటలకు ఎవరికో ఒకరికి బంధుత్వం ఉండనే ఉంటుంది. పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య దాదాపు 10 మీటర్ల ఎడం ఉంటుంది కాబట్టి వరసల మధ్య బాణానికి దారి దొరుకుతుంది.

కాలం మాత్రం రైతును అడిగే పెట్టుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయ కోత, తర్వాత కొమ్మ కత్తిరింపులు, దుక్కి, వానలు. డిసెంబర్‌లో పూత మొదలైతే మందు కొట్టడం మొదలవుతుంది. వానలు తగ్గాక, పూత రాకముందు, అంటే అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ చివరి దాకా, చెట్లు పూతకు రావాలని రైతు నీళ్లు కూడా ఆపేస్తాడు. తోటలో పని తక్కువ, నేల ఆరి ఉంటుంది, ఎండ నెత్తి మాడ్చదు. మనకు కావాల్సిన కాలం అదే. మందు కొట్టిన తోటలోకి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. ఏ రోజు కొట్టారో, ఎన్నాళ్లు ఆగాలో రైతునే అడగండి.

వేరే తోటలు కొన్ని పనికిరావు. పామాయిల్ తోటలో ఎప్పుడూ తడి, మట్టల మొదళ్లకు ముళ్లు. కొబ్బరి తోటలో పైనుంచి ఏం పడుతుందో తెలియదు. జీడిమామిడి కొమ్మలు నేలను తాకుతుంటాయి. జామాయిల్ తోపులో చెట్లు మరీ దగ్గర దగ్గరగా ఉండి బాణం మొద్దుకు తగిలి పక్కకు ఎగురుతుంది.

రైతు దగ్గరకు వెళ్లినప్పుడు ముందు ఆయన భయాలు మీరే చెప్పండి, తర్వాత ఆయన నోట ఇంకేమైనా ఉంటే వినండి. చెట్టు మొద్దులో బాణం దిగితే గాయమవుతుంది. గడ్డిలో పోయిన బాణం ములికి రేపు గేదె గిట్టలో దిగుతుంది. "బాబాయ్, ఎన్ని బాణాలతో వచ్చామో అన్నీ లెక్కపెట్టుకునే వెళ్తాం" అని మాటివ్వండి, నిలబెట్టుకోండి. పక్క తోట వాళ్లకు కూడా ఫలానా ఆదివారం ఉదయం పిల్లలు బాణాలు వేస్తారని ముందే చెప్పండి.

2. బాణం ఎక్కడ ఆగుతుందో ముందు చూడండి

ఈ మెట్టు దాటకుండా మిగతావి చదివి ప్రయోజనం లేదు.

పిల్లల విల్లు లాగడానికి పట్టే బలం 15 పౌండ్లే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఉన్నారు. పైకెత్తి వదిలితే ఆ బాణం వంద మీటర్ల దగ్గర దాకా పోగలదు. కాబట్టి ప్రతి టార్గెట్ వెనకా బాణాన్ని ఆపేది ఏదో ఒకటి ఉండాలి: మట్టి దిబ్బ, చెరువు గట్టు, కాలవ కట్ట. చెట్టు మొద్దు ఆపదు, తగిలిన బాణాన్ని పక్కకు విసురుతుంది. పచ్చటి షేడ్ నెట్ కూడా ఆపదు. దిబ్బ లేకపోతే వెనక చాలా దూరం వరకు కంటికి కనిపించే ఖాళీ నేల ఉండాలి, అటు ఎవరూ రాకుండా ఒక పెద్ద మనిషి కాపలా ఉండాలి. ఆకులు అడ్డొచ్చి వెనక ఏముందో కనిపించకపోతే ఆ టార్గెట్ వద్దు.

టార్గెట్లన్నీ ఒకే దిక్కుకు చూసేలా పెట్టండి. ఉత్తరమో దక్షిణమో అయితే ఉదయపు ఎండ కళ్లలో పడదు. బాటకు, ఇళ్లకు, పంపు షెడ్డుకు ఎదురుగా ఒక్కటి కూడా ఉండకూడదు. నడిచే దారి ఎప్పుడూ టార్గెట్లకు పక్కగా పోవాలి, వెనకగా పోకూడదు. ముందు ఒక్కటే గుంపుతో మొదలుపెట్టండి. తోటలో రెండు గుంపులు ఉంటే ఒకళ్లు బాణాలు వెతుకుతుండగా ఇంకొకళ్లు వేసే ప్రమాదం ఉంటుంది. ఒకే గుంపు అయితే ఆ బాధ లేదు.

కొమ్మల సంగతి కూడా చూడాలి. బాణం తిన్నగా పోదు, పైకి లేచి కిందికి దిగుతుంది. పిల్లల విల్లుతో 20 మీటర్లకు వేస్తే మధ్యలో దాదాపు అర మీటరు పైకి లేస్తుంది. మేకు దగ్గర పెద్దవాళ్లు నిలబడి చూస్తే దారి ఖాళీగానే కనిపిస్తుంది. పిల్లల ఎత్తులో మోకాళ్ల మీద కూర్చుని చూడండి, టార్గెట్‌కు కొంచెం పైన వేలాడే కొమ్మలను కూడా లెక్కలోకి తీసుకోండి.

వాలు మీద వేయడం పిల్లలకు మహా సరదా. డెల్టాలో కొండలు లేవు కానీ చెరువు గట్లున్నాయి. గట్టు మీద నిలబడి, కింద పొలం వైపు వాలు అడుగున పెట్టిన టార్గెట్‌కు వేయిస్తే చక్కటి షాట్ అవుతుంది, తప్పినా బాణం నేలలోనే దిగుతుంది. అటు మనుషులూ పశువులూ లేరని చూసుకోవాలి. కింద నుంచి గట్టు మీదికి మాత్రం ఎన్నడూ వేయించకండి. కొంచెం ఎత్తుగా పోయిన బాణం గట్టు దాటి అవతల బట్టలుతికేవాళ్ల మీద పడుతుంది.

3. టార్గెట్లు: కొనక్కర్లేదు

రెడీమేడ్ ఫోమ్ బట్‌లు (బాణం దిగే దిమ్మలు) ఖరీదు. తక్కువ పౌండేజీకి ఇంట్లో చేసుకున్నవి సరిపోతాయి. 25 కిలోల బియ్యం సంచి తీసుకుని పాత చీరలు, దుప్పట్లు, పాల ప్యాకెట్ కవర్లు కూరి కూరి గట్టిగా నింపి, మూతి కుట్టేయండి. జిప్పులు, గుండీలు, హుక్కులు ముందే కత్తిరించి పారేయాలి. ఇనుము తగిలితే బాణం వెనక్కి ఎగిరొస్తుంది. సంచి మెత్తగా ఉంటే బాణం దూసుకుపోతుంది, కాబట్టి నింపేటప్పుడు కాళ్లతో తొక్కండి. ఇలాంటివి రెండు పక్కపక్కన కడితే పెద్ద ఫేస్ పడుతుంది. బరువుగా ఉంటాయి కాబట్టి చెట్టుకు వేలాడదీయకుండా నేల మీద దుంగకు ఆనించండి.

బేలర్ యంత్రంతో కట్టిన వరిగడ్డి కట్టలు ఇంకా బాగా ఆపుతాయి. ఒక్క షరతు: బాణాలు దిగిన గడ్డిని మళ్లీ పశువులకు వేయకూడదు. విరిగిన ములికి, కార్బన్ పీచు అందులో ఉండిపోతే పశువు కడుపులోకి పోతుంది. పని అయ్యాక ఆ గడ్డి ఎరువు గుంతలోకే.

ఫేస్‌లు ఫ్లెక్స్ షాపులో ప్రింట్ వేయించుకోవచ్చు, నల్ల చార్టు మీద పసుపు కాగితం అంటించినా చాలు. పిల్లలకు ఎక్కువగా 60 సెంటీమీటర్లవి, అక్కడక్కడా 40, ఒకటో రెండో 80. ఒకటి రెండు చోట్ల అట్ట మీద కూరగాయల బొమ్మలు వేసి పెట్టండి. ఇతర దేశాల్లో నురుగుతో చేసిన జంతువుల బొమ్మలకు వేసే 3డి పోటీలున్నాయి. మన ఇళ్లల్లో కొందరు పెద్దలకు జంతువు మీద బాణం అంటే నచ్చదు, వాళ్లతో వాదించే కన్నా సొరకాయ గీసుకోవడం మేలు. పైగా సొరకాయకు ఇంకో లాభం ఉంది. పెద్ద గుమ్మడికాయ బొమ్మ దగ్గరగా ఉన్నట్టు, సన్నటి సొరకాయ దూరంగా ఉన్నట్టు కంటిని మోసం చేస్తాయి. పిల్లలు ఆ మోసాన్ని కనిపెట్టినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

బెలూన్లు కట్టాలనుకుంటే చివరి టార్గెట్‌కే కట్టండి. ముక్కలన్నీ ఏరించండి, మేకలు తినేస్తాయి.

4. విల్లు, బాణాలు

అకాడమీలో వాడుతున్న విల్లే తెచ్చుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టే తొమ్మిదేళ్ల పిల్లకు 10 నుంచి 15 పౌండ్ల చెక్క రికర్వ్ చాలు. వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ ఆడే పిల్లలకు అలవాటు ఇంకా త్వరగా అవుతుంది, వాళ్లకు సైట్ లేకుండా వేయడం ముందే వచ్చు. విల్లు ఎన్ని పౌండ్లు ఉండాలో తేల్చడానికి నేను చూసేది ఒకటే: ఆఖరి టార్గెట్ దగ్గర కూడా భుజం ఎత్తకుండా లాగగలగాలి. నడక, ఎత్తుపల్లాలు కలిస్తే గ్రౌండులో తెలియని అలసట తోటలో తెలుస్తుంది.

బాణాలు పిల్లల చేతికి కొలిచిన దానికన్నా కనీసం రెండంగుళాలు పొడుగ్గా ఉండాలి. పొట్టి బాణం విల్లు వెనక్కి జారితే చెయ్యి చీరుతుంది. ఈకలు, నాక్‌లు (బాణం వెనక నారికి తగిలించే గాడి) గులాబీ, నారింజ లాంటి కొట్టొచ్చే రంగుల్లో ఉంటే గడ్డిలో దొరుకుతాయి. ఆకుపచ్చ, గోధుమ రంగులు వద్దు. ప్రతి బాణం మీద పిల్లల పేరు, నంబరు రాయండి. కార్బన్ బాణం దేనికైనా తగిలితే మళ్లీ వేసే ముందు పెద్దవాళ్లు చేత్తో కొంచెం వంచి, చిట్లిన చప్పుడు వస్తుందేమో విని చూడాలి. చిట్లితే అక్కడికక్కడే విరిచి సంచిలో పడేయండి. చిన్నపిల్లలకు అల్యూమినియం బాణాలే నయం, వంగితే కంటికి కనిపిస్తాయి.

బూట్లు, నిండుగా ఉన్న ప్యాంటు, టోపీ. చెప్పులతో వస్తే ఆ రోజు స్కోరు రాసే పని మాత్రమే ఇవ్వండి.

5. తోటకు వెళ్లే ముందు గ్రౌండులో రెండు పనులు

మొదటిది, ప్రతి పిల్లకీ ఒక చిన్న కార్డు. సైట్ ఉన్నవాళ్లు 10, 15, 20 మీటర్లకు సైట్ ఎక్కడ నిలుస్తుందో రాసుకోవాలి. సైట్ లేనివాళ్లు అదే దూరాలకు బాణం ములికి ఫేస్ మీద ఎక్కడ కనిపిస్తే బాణం మధ్యలో పడుతుందో బొమ్మ గీసుకోవాలి. గీయడం వాళ్లే చేయాలి. మీరు నీటుగా గీసిస్తే అది మీ కార్డు అవుతుంది.

రెండోది, అడుగులు. 20 మీటర్లు టేపుతో కొలిచి, మామూలుగా నడిచి ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టమనండి. రెండు మూడుసార్లు నడిస్తే ఒక సంఖ్య కుదురుతుంది. దూరం అంచనా వేయడానికి రెండు పద్ధతులు నేర్పితే చాలు. ఒకటి, కళ్లతోనే సగం దారిలో ఒక గుర్తు (రాయి, ఆకు) ఎంచుకుని, అంతవరకు ఎంతో అనుకుని దాన్ని రెట్టింపు చేయడం. రెండోది, బాగా తెలిసిన ఒక దూరాన్ని, అంటే తరగతి గది పొడుగో ఇంటి వరండా పొడుగో, మనసులో ముందుకు పరుచుకుంటూ పోవడం. ఏది ఎవరికి నప్పుతుందో వాళ్లకే వదిలేయండి.

తోటలో ఒక చిక్కు వస్తుంది. వరసలు సమానంగా ఉంటాయి కాబట్టి తెలివైన పిల్లలు కాసేపట్లోనే చెట్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు: రెండు చెట్లు అంటే 20 మీటర్లు. తప్పు పట్టకండి, అది కూడా ఆలోచనే. తర్వాతిసారి మేకులను వరసకు ఐమూలగా, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎక్కడో పాతండి. లెక్క కుదరక మళ్లీ కళ్లను నమ్ముకుంటారు.

6. మేకులు పాతడం

మొదటిసారి దూరాలు 5 నుంచి 15 మీటర్లు. రెండు మూడు ఆదివారాలు అయ్యాక 20 దాకా. పన్నెండు దాటి, 20 పౌండ్ల పైన సులువుగా లాగే పిల్లలకు 30 దాకా పోవచ్చు. వయసులు కలిసి ఉంటే ఒక్కో టార్గెట్‌కు రెండు మేకులు వేసి, చిన్నవాళ్లను ముందు మేకు దగ్గర నిలబెట్టండి. అక్కాతమ్ముళ్లు ఒకే స్కోరు షీటు మీద పోటీ పడగలిగేది ఇలాంటి చోటే.

మొదటి టార్గెట్ సులువుగా, దగ్గరగా, పెద్దగా ఉండాలి. కష్టమైనదాన్ని నాలుగోదో ఐదోదో పెట్టండి, దాని వెంటనే మళ్లీ తేలికైనది రావాలి. ఒకటి నీడలోంచి ఎండలోకి, ఒకటి చెట్ల సొరంగం లాంటి దారిలో, ఒకటి పల్లం మీదుగా ఉండేలా చూడండి. గుబురు చెట్ల నడుమ టార్గెట్ ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తుంది, ఖాళీ మీదుగా చూస్తే దగ్గరగా అనిపిస్తుంది. ఇది ముందే చెప్పేయకండి.

అసలు దూరాలన్నీ మీరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

7. ఆ ఉదయం ఎలా నడపాలి

ఏడింటికల్లా తోటలో ఉండాలి. ముందు పెద్దవాళ్లిద్దరు కర్రతో దారంతా తట్టుకుంటూ తిరిగి రావాలి, పాముల కోసమే కాదు, రాత్రి ఎవరైనా పశువుల్ని కట్టేశారేమో, కూలీలు వచ్చారేమో కూడా చూడాలి. పాము మందు ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఏదో వెళ్లే ముందే కనుక్కుని ఉండండి. కోతుల గుంపు ఉంటే టిఫిన్ డబ్బాలు కారులోనే.

దగ్గరి సంచికి ఓ డజను బాణాలతో ఒళ్లు వెచ్చబెట్టుకున్నాక బయలుదేరండి. ఒక గుంపులో నలుగురు పిల్లలకు మించకూడదు, గుంపుకు ఇద్దరు పెద్దవాళ్లు. పనులు పంచండి: ఒకరు ముందు నడిచి మేకు చూపేవాళ్లు, ఒకరు స్కోరు రాసేవాళ్లు, ఒకరు టేపు పట్టేవాళ్లు, ఒకరు బాణాలు లెక్కపెట్టేవాళ్లు. టార్గెట్ మారితే పనులు మారాలి. తమ వంతు రాని పిల్లలే అల్లరి చేస్తారు, చేతిలో పని ఉంటే ఆ గొడవ ఉండదు.

మేకు దగ్గర జరగాల్సిన క్రమం ఇది. గుంపంతా మేకుకు వెనక ఆగుతుంది. ప్రతి పిల్లా దూరం ఎంతో తన అంచనా చీటీ మీద రాసుకుంటుంది. గట్టిగా చెప్పిస్తే చిన్నవాళ్లు పెద్దవాళ్ల మాటే తిరిగి అంటారు, అందుకే రాయడం. తర్వాత ఒక్కొక్కరే మేకు దగ్గరకు వెళ్లి మూడు బాణాలు వేస్తారు. బాణాన్ని నారికి తగిలించేది మేకు దగ్గరే, అంతకుముందు కాదు. లాగేటప్పుడు విల్లు టార్గెట్ ఎత్తుకు మించి పైకి లేవకూడదు. ఆకాశంలోకి ఎత్తి లాగుతూ దించే అలవాటు ఉన్నవాళ్లను అక్కడే ఆపండి.

మొదటి బాణం కిందికి పోతుంది. పిల్ల మీ వైపు తిరిగి చూస్తుంది. ఇక్కడ మీరు నోరు మూసుకోవాలి. "కొంచెం పైకి పెట్టమ్మా" అన్న మాట నాలుక మీద ఆడుతూనే ఉంటుంది, కోచింగ్ చేసినవాళ్లకు మరీ కష్టం. కానీ మూడు బాణాలు ఇచ్చింది అందుకే: మొదటిది అంచనా, రెండోది దిద్దుబాటు, మూడోది రుజువు. అడిగితే "నీకేమనిపిస్తుంది తల్లీ?" అని తిరిగి అడగండి, అంతే. భద్రత విషయంలో మాత్రం ఎప్పుడైనా, ఎంత గట్టిగానైనా అరవచ్చు. పిల్లలకు ఈ తేడా ముందే చెప్పి ఉంచండి.

అందరూ వేశాక విల్లులు మేకు దగ్గర పెట్టి కలిసి నడవాలి, పరుగు లేదు. ముందు స్కోరు, తర్వాత బాణాలు తీయడం. తీసేవాళ్ల వెనక ఎవరూ నిలబడకూడదు, నాక్ కంట్లో గుచ్చుకునే ప్రమాదం అక్కడే. ఒక అరచెయ్యి ఫేస్ మీద ఆనించి, రెండో చేత్తో తిన్నగా లాగాలి. బాణం తప్పిపోతే కాళ్లతో, కర్రతో గడ్డి జరుపుతూ వెతకాలి, చెయ్యి పెట్టకూడదు. వెతుకుతున్నంతసేపు ఒకరు టార్గెట్ ముందు నిలబడాలి. తోటలో ఒకే గుంపు ఉన్నా ఈ అలవాటు చేయించండి, రేపు పెద్ద కోర్సులో (టార్గెట్లు పెట్టిన దారిలో) వెనక వచ్చే గుంపు చూసుకునేది ఆ మనిషినే.

చివరగా టేపు పరిచి అసలు దూరం చూడాలి. రోజు మొత్తంలో ఎక్కువ గోల ఇక్కడే. జేబులో కాగితం ఉన్నా టేపు పిల్లలతోనే పట్టించండి, మీ కాగితం సరిపోయిందో లేదో వాళ్లే చెబుతారు.

8. స్కోరు

మామూలు 6-5-4-3-2-1కి తోడు, దూరం అంచనా రెండు మీటర్ల లోపు ఉంటే ఇంకో 2 పాయింట్లు ఇవ్వండి. బాణాలు అంత బాగా వేయలేని, కళ్లు చురుగ్గా ఉన్న పిల్లలు దీంతో పైకి వస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లకు కూడా గెలిచే దారి ఉంటుంది. ఒకరి స్కోరు ఇంకొకరితో పోల్చి ఇంటికి వెళ్లే దారిలో కారులో మాట్లాడొద్దని తల్లిదండ్రులకు చెప్పండి. వినరు, అయినా చెప్పండి.

9. వాలు మీద శరీరం

గట్టు మీంచి కిందికి వేసేటప్పుడు పిల్లలు చేతిని మాత్రమే కిందికి దించేస్తారు, దాంతో లాగుడు పొట్టి అవుతుంది, బాణం ఎటో పోతుంది. ముందు చేతులు భుజాల ఎత్తులో సమంగా ఉంచి లాగాలి, ఆ తర్వాత నడుము దగ్గర వంగాలి. భుజాలు, చేతులు కలిసి ఏర్పడిన గీత చెదరకూడదు. నేల పల్లంగా ఉంటే కాలు ఎడంగా వేసి పాదం కుదిరేదాకా ఆగమనండి.

వాలులో దూరం లెక్క కొంచెం మారుతుంది. బాణం పడే తీరు నేలకు సమాంతరంగా ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల వాలులో 20 మీటర్ల షాట్‌ను దాదాపు 19 మీటర్లు అనుకుని వేయాలి. పిల్లల దూరాలకు ఇది పెద్ద తేడా కాదు, పెద్ద పిల్లలు లెక్కల మాస్టారి దగ్గర కొసైన్ నేర్చుకున్న రోజున చెప్పండి.

అకాడమీ కోచ్‌తో ఎలా కుదుర్చుకోవాలి

కోచ్‌కు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. ఆయన అభ్యంతరాలు ఉత్తవి కావు: దూరాలు మారితే సైట్ సెట్టింగులు చెదురుతాయి, ఎగుడుదిగుడు నేల మీద నిలబడే తీరు పాడవుతుంది. అందుకే రెండు వారాలకు ఒక ఆదివారం చాలు. జిల్లా, రాష్ట్ర పోటీలకు మూడు వారాల ముందు నుంచి తోట బంద్. తోట నుంచి వచ్చిన మర్నాడు దగ్గరి బట్‌కు ఫేస్ లేకుండా కొన్ని బాణాలు వేయిస్తే ఫామ్ (బాణం వేసే తీరు) మళ్లీ దారిలో పడుతుంది. ఇంకో వైపు, గాలి వచ్చినప్పుడు గ్రౌండులో ఎక్కడ గురి పెట్టాలో కోచ్ కేక కోసం చూడకుండా తనే తేల్చుకునే పిల్లలు తోటకు వెళ్లినవాళ్లలో ఎక్కువ. కోచ్‌లు మెత్తబడేది అది చూశాకే.

"దీనికి సర్టిఫికెట్ వస్తుందా?" అన్నది తల్లిదండ్రుల అసలు ప్రశ్న. సూటిగా చెప్పాలి: మన స్కూల్ గేమ్స్, స్పోర్ట్స్ కోటా అంతా గ్రౌండు విలువిద్య చుట్టూనే తిరుగుతుంది. ఒలింపిక్స్‌లో ఫీల్డ్ లేదు. 2028 లాస్ ఏంజెలెస్‌లో కొత్తగా చేరుతున్న కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా గ్రౌండు పోటీయే. ఫీల్డ్‌కు ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది, ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం జరిగే వరల్డ్ గేమ్స్‌లో చోటుంది. 2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన వరల్డ్ గేమ్స్‌లో జ్యోతి సురేఖ, అభిషేక్ వర్మ కాంపౌండ్ మిక్స్‌డ్‌లో కాంస్యం గెలిచారు. వాళ్లు ఆడింది గ్రౌండు పోటీ, అదే క్రీడల్లో రికర్వ్, బేర్‌బో (సైట్ లేని విల్లు) వాళ్లు చెట్ల మధ్య ఫీల్డ్ ఆడారు. సర్టిఫికెట్ కావాలంటే అకాడమీ, పిల్ల విల్లు వదలకుండా ఉండాలంటే తోట. రెండిటినీ ఒకదానికొకటి అడ్డు పెట్టక్కర్లేదు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ కష్టాలేవీ లేవు. అక్కడి ఎన్‌ఎఫ్ఏఏ (జాతీయ ఫీల్డ్ విలువిద్య సంఘం) క్లబ్బుల్లో తయారైన కోర్సులుంటాయి, పూర్తి ఫీల్డ్ రౌండ్ 28 టార్గెట్లు, ఒక్కోదానికి నాలుగు బాణాలు. చిన్నపిల్లలకు దగ్గర మేకులు వేరే ఉంటాయి. మొదటిసారి 14 టార్గెట్ల సగం రౌండే వేయించండి.

తిరిగి వచ్చే ముందు

బాణాల లెక్క సరిపోయేదాకా ఎవరూ కారెక్కకూడదు. ఒకటి తగ్గితే అందరూ వరసగా నిలబడి, భుజం భుజం దూరంలో, ఆ టార్గెట్ వెనక నేలంతా నడిచి రావాలి. మేకులు పీకేయండి, దిగిన గుంటలు పూడ్చండి, రిబ్బన్లు విప్పండి. తర్వాతి ఆదివారానికి కోర్సు ఎలా ఉండాలో పిల్లలనే ఒకళ్లను గీయమనండి. వాళ్లు గీసిన దాంట్లో కనీసం ఒక టార్గెట్ గేటు వైపో పంపు షెడ్డు వైపో చూస్తూ ఉంటుంది. ఎందుకు కుదరదో వాళ్లనే తోటలోకి తీసుకెళ్లి, మేకు దగ్గర నిలబెట్టి, బాణం తప్పితే ఎక్కడిదాకా పోతుందో చూపించమని అడగండి.